గాయము ఎక్కడ ఉన్నది? స్వలింగ ఆకర్షణ గలవారి మనోగాయములు, అనుబంధ సిద్ధాంతము, కాపరి పరిచర్య: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కాపరి సలహా పరిచర్యను బోధించేవారు తమ పాఠాలను అప్పుడప్పుడు తామే విమర్శకు పెట్టుకోవలసి ఉంటుంది. ఈ వ్యాసం అటువంటి ప్రయత్నం. స్వలింగ ఆకర్షణ గల యువతీయువకులకు సలహా ఇచ్చే విధానంపై నేను అనేక సంవత్సరాలు ఒకే పాఠం చెప్పాను. బాల్యంలో తండ్రితో బంధం దెబ్బతిన్నందువలన కుమారునిలో, తల్లితో బంధం దెబ్బతిన్నందువలన కుమార్తెలో ఈ ఆకర్షణ కలుగుతుందనీ, ఆ గాయం మానితే ఆకర్షణ కూడా మారుతుందనీ ఆ పాఠం సారాంశం. అది కఠినమైన పాఠమని నాకు ఎన్నడూ తోచలేదు. శపించడం కన్న స్వస్థపరచడం మేలు కదా అనుకొన్నాను. ఒక సంవత్సరం ఆ పాఠం ముగిసిన తరువాత ఒక విద్యార్థి నా గదికి వచ్చి, "అయ్యగారూ, మా నాన్న నన్ను ఎంతో ప్రేమగా పెంచారు. మీ పాఠం నిజమైతే నేను ఆయన మీద అబద్ధ సాక్ష్యం చెప్పవలసి వస్తుంది" అన్నాడు. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది. ఆ జవాబును ఇప్పుడు, ఎంతో ఆలస్యంగా వ్రాస్తున్నాను.

ఇక్కడ రెండు చికిత్సా ధోరణులను పరిశీలిస్తున్నాము. మొదటిది క్రైస్తవ సలహాదారులలో ఎక్కువగా వ్యాపించిన దిద్దుబాటు చికిత్స. రెండవది ఎల్‌జిబిటిక్యూ వ్యక్తులను వారు ఉన్న స్థితిలోనే అంగీకరించి, వారి ట్రామాను, తెగిన అనుబంధాలను బాగుచేయడానికి పూనుకొనే అంగీకార చికిత్స. ఆశ్చర్యమేమనగా ఈ రెండూ అనుబంధ సిద్ధాంతాన్నే ఆధారం చేసుకొంటాయి. మొదటిది గాయాన్ని ఆకర్షణలో వెదకుతుంది. రెండవది తిరస్కారంలో వెదకుతుంది. మొదటి ధోరణి నిరాధారమనీ, హానికరమనీ, రెండవది మూలంలో సరియైనదే అయినా మన సంఘాలకు చేరే సరికి కొంత కొరతతో నిలిచి ఉన్నదనీ ఈ వ్యాసంలో చూపదలచాను. వివాహమును గూర్చిన సిద్ధాంత చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఆ విషయంలో పాఠకులలో భేదాభిప్రాయాలు ఉన్నవి. అయితే ఏ అభిప్రాయం గలవారికైనా గాయపడిన వ్యక్తిని మరల గాయపరచే అధికారం లేదన్నది అందరం ఒప్పుకొనదగిన విషయమని నమ్ముతున్నాను.

1. అనుబంధ సిద్ధాంతము ఏమి చెప్పినది?

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇల్లు, తల్లి లేని పిల్లల మానసిక స్థితిని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఒక నివేదిక సమర్పించాడు. అది 1951లో వెలువడింది. ఆ తరువాత 1969, 1980 సంవత్సరాల మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన "అటాచ్‌మెంట్ అండ్ లాస్" అను గ్రంథంలో ఆయన తన సిద్ధాంతాన్ని పూర్తిగా వివరించాడు. ఆయన సహచరురాలు మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా గ్రామాలలో తల్లులను, పసిబిడ్డలను దగ్గరగా పరిశీలించి 1967లో ఒక గ్రంథం ప్రచురించింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆ పరిశీలనను కొనసాగించింది.

ఈ సిద్ధాంతపు సారం సులభమైనదే. భయపడిన బిడ్డ తన వారి వద్దకు పరుగెత్తుతుంది. అక్కడ ఓదార్పు దొరికితే మరల ధైర్యంగా లోకంలోనికి వెళ్తుంది. పెంచేవారు బిడ్డకు ఆశ్రయంగాను, బయలుదేరే స్థలంగాను ఉంటారు. 1986లో మేరీ మెయిన్, జూడిత్ సాలమన్ దీనికి మరొక ముఖ్యాంశం చేర్చారు. కొందరు బిడ్డలు పెంచేవారి వద్దకు వెళ్లలేక, దూరంగా ఉండలేక, దిక్కుతోచక నిలిచిపోవుటను వారు వర్ణించారు. ఆశ్రయం ఇవ్వవలసినవారే భయానికి కారణమైనప్పుడు ఇట్లు జరుగవచ్చునని తరువాతి పరిశోధన వివరించింది. మన చర్చకు ఈ అంశం ఎంతో అవసరం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పెరిగి పెద్దయిన తరువాత ఎవరిపై ఆకర్షణ కలుగునో ఈ సిద్ధాంతం చెప్పదు. సంబంధాలలో నమ్మకం, భయం, దూరం ఎట్లు ఏర్పడునో మాత్రమే చెప్తుంది. స్త్రీపురుష దంపతులలోనూ దెబ్బతిన్న అనుబంధాలు గలవారు కోకొల్లలు.

2. దిద్దుబాటు చికిత్స: మోబర్లీ వాదము

క్రైస్తవ లోకంలో అనుబంధ భాషను స్వలింగ ఆకర్షణకు అన్వయించినవారిలో ముఖ్యురాలు ఎలిజబెత్ మోబర్లీ. 1983లో ఆమె "హోమోసెక్సువాలిటీ: ఎ న్యూ క్రిస్టియన్ ఎథిక్" అను చిన్న గ్రంథం ప్రచురించింది. స్వలింగ తల్లి లేక తండ్రితో అనుబంధంలో ఏర్పడిన లోటువలన బిడ్డ ఆ వ్యక్తి నుండి తనను తాను కాపాడుకొంటూ దూరమగుననీ, ఆ లోటును పూడ్చుకొనే ప్రయత్నమే తరువాత స్వలింగ ఆకర్షణగా కనబడుననీ ఆమె వాదం. అమెరికా మనస్తత్వవేత్త జోసెఫ్ నికొలోసి 1991లో ఈ వాదాన్ని చికిత్సా పద్ధతిగా మలచి గ్రంథం వ్రాశాడు.

మోబర్లీ పట్ల న్యాయంగా ఉండాలి. ఆమె ఈ ఆకర్షణను అసహ్యంతో చూడలేదు. ప్రేమ కొరకైన అవసరం న్యాయమైనదని అంగీకరించింది. సంఘంలో స్వచ్ఛమైన స్నేహాలు దొరకవలెనని కోరింది. ఆమె గ్రంథం మావంటివారిని ఆకర్షించడానికి కారణం ఇదే. తీర్పు భాషకు బదులుగా ఆమె మాకు వైద్య భాషను అందించింది. అయినను ఆ వాదంలో మూడు దోషాలున్నవి.

మొదటిది, కార్యకారణాలను తారుమారు చేయుట. తండ్రి దూరంగా ఉన్నాడని కొందరు చెప్పినంత మాత్రాన ఆ దూరమే కారణమని నిర్ధారించలేము. మిగిలిన మగపిల్లలవలె లేని కుమారుని చూచి తండ్రే వెనుకకు తగ్గి ఉండవచ్చును. మనోవైద్యుడు రిచర్డ్ ఐసే 1989లో తన గ్రంథంలో ఈ సంగతినే చూపాడు. అప్పుడు మోబర్లీ కారణమని చూపినది ఫలితం అవుతుంది.

రెండవది, పరిశీలనకు ఎన్నుకొన్నవారు. బాధపడి సలహాదారుని వద్దకు వచ్చినవారి కథలనుండి రానివారందరి స్థితిని ఊహించుట శాస్త్రం కాదు. తండ్రి ప్రేమలో పెరిగిన నా విద్యార్థికి ఆ వాదంలో చోటు లేదు. చోటు కావాలంటే, తనకు గుర్తులేని గాయం ఒకటి ఉన్నదని అతడు ఒప్పుకొనవలెను. ఏ జవాబు వచ్చినా తన్ను తాను నిజమని చూపుకొనే వాదాన్ని పరీక్షించుట సాధ్యం కాదు.

మూడవది, ఫలితాలు. అమెరికా మనోవైద్య సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణను రుగ్మతల జాబితానుండి తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో అదే చేసింది. ఆకర్షణ మారవచ్చునని 2003లో వ్యాసం ప్రచురించిన ప్రసిద్ధ మనోవైద్యుడు రాబర్ట్ స్పిట్జర్, తాను ఫోనులో విన్న స్వీయ కథనాల యథార్థతను తేల్చే మార్గం లేదని ఒప్పుకొని 2012లో క్షమాపణ చెప్పాడు. ఇట్టి ప్రయత్నాలు ఆకర్షణను మార్చగలవనుటకు తగిన ఆధారం లేదని అమెరికా మనస్తత్వ సంఘపు కార్యవర్గం 2009లో నివేదించింది. 1976లో ఆరంభమై ఈ పరిచర్యకు ప్రధాన వేదికగా నిలిచిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అను క్రైస్తవ సంస్థ 2013లో మూతపడింది. దాని అధ్యక్షుడు అలన్ ఛాంబర్స్ గాయపడినవారిని బహిరంగంగా క్షమాపణ కోరాడు. దుకాణం నడిపినవారే తాళం వేసిన తరువాత కూడా మన తరగతులలో ఆ సరుకు అమ్ముడవుతూ ఉండుట విచారకరం.

3. అంగీకార చికిత్స: గాయపు చోటు మారినది

1982లో అలన్ మాల్యన్ అను మనస్తత్వవేత్త ఈ ధోరణికి రూపమిచ్చే వ్యాసం వ్రాశాడు. సమాజపు ద్వేషం వ్యక్తి లోపలికి దిగి, తన్ను తానే అసహ్యించుకొనేటట్లు చేయుననీ, చికిత్స ఆ అసహ్యాన్ని తొలగించవలెననీ ఆయన ప్రతిపాదన. 2003లో ఇలన్ మేయర్ దీనిని విస్తరించాడు. అవమానం, బహిష్కరణ భయం, దాచుకొనుటలోని అలసట ఇవన్నీ నిత్యం మోయవలసిన అదనపు భారమనీ, మానసిక వ్యాధులకు ఆ భారమే దారితీయుననీ ఆయన వివరించాడు. ఈ దృష్టితో చూస్తే అనుబంధ గాయం ఆకర్షణకు ముందు ఉన్నది కాదు. ఆ సంగతి ఇంట్లో తెలిసిన రోజున తగిలినది. లేదా, తెలిస్తే ఏమగునో అన్న భయంతో దినదినము తగులుచున్నది.

దీనికి ఆధారాలు ఉన్నవి. శాన్ ఫ్రాన్సిస్కోలో కేట్లిన్ రయన్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, కౌమారంలో కుటుంబపు తీవ్ర తిరస్కారాన్ని చవిచూచిన యువతలో ఆత్మహత్యా ప్రయత్నాలు, తిరస్కారం లేనివారి లేక స్వల్పంగా ఉన్నవారి కంటే 8.4 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు కనబడింది. ఇక్కడ మోబర్లీకి పెట్టిన కొలతనే పెట్టాలి. ఇది 224 మంది తమ గతాన్ని జ్ఞాపకం చేసుకొని చెప్పినదే గనుక కార్యకారణ నిరూపణ కాదు. అయితే ఇందులో పరిశోధకులు గుర్తులేని గాయాన్ని ఊహించలేదు. కొట్టుట, ఇంటినుండి వెళ్లగొట్టుట, స్నేహితులను కలవనీయకుండుట వంటి చర్యలను గూర్చి అడిగారు. ఇట్టివి చూడగలిగినవి, లెక్కింపగలిగినవి, మానుకొనగలిగినవి.

చికిత్సా విధానాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అనుబంధ ఆధారిత కుటుంబ చికిత్స. ఆత్మహత్య ఆలోచనలు గల స్వలింగ ఆకర్షణ, ద్విలింగ ఆకర్షణ గల కౌమార వయస్కుల కొరకు దీనిని మలచిన తొలి ప్రయత్నపు ఫలితాలు 2012లో ప్రచురింపబడినవి. అందులో పాల్గొన్నవారు కేవలం 10 మంది గనుక తుది తీర్పు చెప్పలేము. అయితే దాని క్రమం గమనించదగినది. సలహాదారుడు బిడ్డతో విడిగా, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతాడు. తల్లిదండ్రుల నిరాశకు, కోపానికి, భయానికి తగినంత సమయం ఇస్తాడు. ఆ తరువాతనే అందరినీ ఒక గదిలో కూర్చోబెడతాడు. అక్కడ బిడ్డ తనకు తగిలిన దెబ్బను చెప్తే తల్లిదండ్రులు అడ్డుపడకుండా వింటారు. ఈ చికిత్స తల్లిదండ్రులను నిందితులుగా కాక, మరల ఆశ్రయం కాగలవారిగా చూస్తుంది.

ట్రామా విషయంలో జూడిత్ హెర్మన్ 1992లో చెప్పిన మూడు దశలు నేటికీ ఉపయోగపడుతున్నవి. మొదట భద్రత, తరువాత జరిగినదాన్ని జ్ఞాపకం చేసుకొని దుఃఖించుట, చివరకు జనులతో మరల కలియుట. భద్రత లేని చోట జ్ఞాపకాలు తవ్వితే గాయం రేగుతుంది. ఇది చదివినప్పుడు మన ఉపవాస కూటాలు మనస్సులో మెదిలినవి. పదిమంది ఎదుట నిలువబెట్టి, తలపై చేతులుంచి, రహస్యం ఒప్పుకొనుమని బలవంతపెట్టుట ఈ క్రమానికి పూర్తిగా విరుద్ధం.

4. అంగీకార చికిత్సపై కొన్ని అభ్యంతరములు

మెచ్చుకొన్నంత మాత్రాన విమర్శ ముగియదు. ఈ ధోరణిలో మూడు కొరతలు కనబడుచున్నవి.

మొదటిది, ఫలితాలను గూర్చిన తొందర. జాన్ పచాంకిస్ బృందం 2015లో 63 మంది యువకులతో జరిపిన పరిశోధనలో ఆశాజనకమైన ఫలితాలు వచ్చినవి. 2022లో ప్రచురితమైన 254 మంది పరిశోధనలో ఇతర సేవలతో పోల్చినప్పుడు ప్రధాన ఫలితంలో స్పష్టమైన తేడా కనబడలేదు. దీనివలన ఈ చికిత్స వ్యర్థమని కాదు. ఇంకా ఎదుగుచున్న విద్యను తుది సత్యమని ప్రకటించరాదని మాత్రమే. మనం ఒకసారి ఒక సిద్ధాంతాన్ని పరీక్షింపక నమ్మి నష్టపోయాము.

రెండవది, కుటుంబాన్ని గూర్చిన ఊహ. పాశ్చాత్య గ్రంథాలలో తిరస్కరింపబడినవారు తామే ఎన్నుకొన్న కుటుంబంలో బ్రతుకుట ఒక మార్గంగా కనబడుతుంది. మన దేశంలో దీనికి పాత రూపం లేకపోలేదు. హిజ్రా సమూహాలలో గురువు, చేలా బంధం ఇటువంటిదే. అయితే గుంటూరు పల్లెలోని క్రైస్తవ యువతికి ఇల్లు విడుచుట అంటే చదువు, పొలం, అమ్మ, మందిరం, పేట అన్నీ ఒకేసారి విడుచుట. దళిత కుటుంబాలకు సంఘమే ఊరిలోని అవమానంనుండి కాపాడే ఆశ్రయం. ఆ ఆశ్రయంనుండి వెళ్లగొట్టబడిన బిడ్డ కులపు అవమానాన్ని కూడా ఒంటరిగా ఎదుర్కొనవలసి వస్తుంది. వారానికి ఒక గంట ఇంగ్లీషులో మాట్లాడి రుసుము తీసుకొనే గది ఈ నష్టాన్ని ఎట్లు పూడ్చగలదు?

మూడవది, విశ్వాసాన్ని గూర్చిన అజాగ్రత్త. కొందరు సలహాదారులు మతాన్ని గాయపు మూలంగా మాత్రమే చూస్తారు. కాని లీ కిర్క్‌పాట్రిక్ 2005లో తన గ్రంథంలో వివరించినట్లు, విశ్వాసికి దేవుడే ఆశ్రయంగాను, బలమైన అనుబంధంగాను ఉంటాడు. అట్టి వ్యక్తిని దేవునికో, తనకో ఒకరికి విడాకులిమ్మని కోరుట రెండవ గాయం చేయుటయే.

ఈ కొరతలు అంగీకార చికిత్సను త్రోసివేయుటకు కారణాలు కావు. చికిత్స ఆగిన చోటనుండి సంఘం కొనసాగించవలసిన పని ఏమిటో ఇవి చూపుచున్నవి.

5. యోహాను సువార్త 9వ అధ్యాయపు వెలుగులో

పుట్టు గుడ్డివాని చూచి శిష్యులు ప్రభువును ఒక ప్రశ్న అడిగారు. పాపము చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా? స్వలింగ ఆకర్షణను అంధత్వంతో పోల్చుట నా ఉద్దేశం కాదు. నేను చూపదలచినది ప్రశ్న యొక్క రూపం. మోబర్లీ వాదం వైద్య భాషలో అడిగినది ఈ ప్రశ్ననే. ప్రభువు ఆ రెండు జవాబులనూ త్రోసిపుచ్చాడు.

ఈ అధ్యాయంలో మనం త్వరగా దాటిపోయే భాగం తరువాత ఉన్నది. సమాజమందిరంనుండి వెలివేస్తారన్న భయంతో తల్లిదండ్రులు కుమారుని పక్షాన మాట్లాడలేకపోయారు. పెద్దలు అతనిని పుట్టుకతోనే పాపివని నిందించి వెలుపలికి త్రోసివేశారు. చూపు వచ్చిన దినముననే అతడు తనవారిని పోగొట్టుకొన్నాడు. అనుబంధ గాయం అంటే ఇదే. సంఘపు భయం తల్లిదండ్రుల నోరు మూసినది, తల్లిదండ్రుల మౌనం కుమారుని ఒంటరివానిని చేసినది. మన ఇండ్లలో "చెల్లెలి పెండ్లి ఎట్లు?" "సంఘంలో తల ఎత్తుకొనేది ఎట్లు?" అను మాటలలో వినబడేది ఆ భయమే. గనుక తల్లిదండ్రులను మార్చుటకు ముందు సంఘపు పెద్దలు మారవలెను. అతనిని త్రోసివేసిరని విని ప్రభువు అతనిని వెదకి కనుగొన్నాడని సువార్తికుడు వ్రాశాడు. కాపరి పరిచర్య ఆ వెదకుటలో ఆరంభమగును.

6. సంఘములకు కొన్ని సూచనలు

చట్టం కొంత మార్గం చూపినది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 లైంగిక ధోరణినిబట్టి చికిత్సలో వివక్ష కూడదన్నది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర సమ్మతిగల స్వలింగ సంబంధాలను నేరపు పరిధినుండి తొలగించింది. 2021లో మద్రాసు హైకోర్టు లైంగిక ధోరణిని మార్చే చికిత్సలను నిషేధించవలెనని ఆదేశించింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ అట్టి చికిత్సను వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించింది. అయితే వైద్య కమిషన్ నియమం వైద్యునికి వర్తించును గాని ప్రార్థనాలయంలోని కాపరికి కాదు. అక్కడ మన మనస్సాక్షియే కాపలా ఉండవలెను.

కావున కాపరులకు నాలుగు మనవులు. ఒకటి, ఎవరైనా ఈ సంగతి చెప్పుకొన్నప్పుడు దానిని తల్లిదండ్రులకు గాని, పెద్దలకు గాని వారి అనుమతి లేక చెప్పవద్దు. రెండు, పెండ్లిని మందుగా ఇవ్వవద్దు. ఆ పెండ్లిలో మరొకరి బిడ్డ జీవితం కూడా ఉన్నది. వధువుకు తెలియకుండా జరిగే ఆ నిబంధన ఆమెకు అన్యాయం. మూడు, ఎవరైనా బాల్యంలో లైంగిక హింసకు గురియైనట్లు చెప్పినయెడల ఆ హింసను హింసగానే విని తగిన సహాయం చూపండి. దానిని ఆకర్షణకు కారణంగా చూపి మరొక భారం మోపవద్దు. నాలుగు, చావు తలంపులు ఉన్నవా అని సూటిగా అడగండి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. 2022లో ఆరంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నెంబరులో ఉచితంగా లభిస్తున్నది, తెలుగులో కూడా మాట్లాడవచ్చును.

తల్లిదండ్రులతో కూర్చొనుట కూడా కాపరి పనియే. తమ సిద్ధాంతం అంతటినీ ఒక రాత్రిలో మార్చుకొనుమని వారిని అడుగనక్కరలేదు. రయన్ సంస్థ 2012లో మోర్మన్ కుటుంబాల కొరకు ప్రత్యేకంగా సిద్ధపరచిన పుస్తకం కూడా, నమ్మకాలు గట్టిగా గల తల్లిదండ్రులు సైతం గాయపరచే చర్యలను మానుకొనవచ్చునన్న ఆధారంతోనే నడిచింది. కొట్టవద్దు, వెళ్లగొట్టవద్దు, అన్నం వద్ద మాట మానవద్దు. ఇంత చేసినా ఒక ప్రాణం నిలువవచ్చును.

ముగింపు

అనుబంధ సిద్ధాంతాన్ని మనం తప్పుగా వాడుకొన్నాము. అది భయపడిన బిడ్డ ఎక్కడికి పరుగెత్తవలెనని అడిగితే, మనం బిడ్డలో లోపం ఏమిటని అడిగాము. అంగీకార చికిత్స ఆ మొదటి ప్రశ్నను మరల మన ముందు పెట్టినది. దాని కొరతలను చూపుతూనే ఈ మేలును ఒప్పుకొనుట న్యాయం.

నా పాఠంలోని ఆ భాగాన్ని ఇప్పుడు విమర్శ కొరకే బోధిస్తున్నాను. అబద్ధ సాక్ష్యం చెప్పనన్న ఆ విద్యార్థికి నా జవాబు ఇదే: నీ తండ్రిని గూర్చి నీవు చెప్పినది నిజం. నీవు నా గదికి వచ్చిన దినమున నీకు కావలసినది కారణం కాదు, కూర్చొనుటకు చోటు. ఆ దినమున నేను నీకు ఆ చోటు ఇవ్వలేదు. అందుకు నన్ను క్షమించుమని కోరుచున్నాను.